తోక నెంబరు

పోయిన వారం గొడవ ఎక్కడ ఆగిందంటే, "సోమవారం పొద్దున పదింటికి తేలిపోవాలి" అన్న మాట దగ్గర. ఆ మాట అన్నది కార్డులమ్మ. తలూపినవాడు ఆవిడ మరిది. ఇద్దరి మధ్యా నిలబడి టై సర్దుకున్నవాడు కరపత్రం.

నడమంత్రంగా ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లుంటారు గనక వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆసుపత్రులకి మందులు పంపే ఈ గోడౌన్‌ని మొదలుపెట్టింది కార్డులమ్మ భర్త. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు ఆయన తమ్ముడు నడుపుతున్నాడు. ఏ మందు ఏ రాకులో ఉంది, ఎన్ని డబ్బాలున్నాయి, ఎవరికి ఏది వెళ్లాలి అన్నీ చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం మాత్రం ముప్ఫై రెండేళ్లుగా ఒకటే. దాన్ని రాసింది కార్డులమ్మ. గోడౌన్ నట్టనడుమ అద్దాల గదిలో కూచుని ఇప్పటికీ దాని ఆలనా పాలనా చూస్తున్నదీ ఆవిడే. మరిదికి కొత్త మోజు పుట్టింది. డబ్బాల మీది నల్లగీతలని చదివే స్కానర్లు కొంటాడట, బజార్లో దొరికే ప్రోగ్రాం తెచ్చి పెడతాడట, దాని పెట్టెలకి ఆ అద్దాల గది కావాలట. "వదిన ఇంక ఇంటిపట్టున హాయిగా ఉండొచ్చు" అని ఆవిడ లేనప్పుడు అన్నాడు. ఆవిడకి అది అరగంటలో తెలిసింది.

అందుకే ఈ పందెం. ఈ రోజు పంపాల్సిన సరుకులోంచి నలభై డబ్బాలు. ఒక పక్క కార్డులమ్మ ప్రోగ్రాం, స్టోర్‌కీపరు వేళ్లు. ఇంకో పక్క కరపత్రం తెచ్చిన స్కానరు, ఆర్డర్ల జాబితా ఎక్కించుకొచ్చిన అతని ల్యాప్‌టాప్. ఎవరివి తప్పులు తక్కువైతే వాళ్లది గది. ఓడితే తాళంచెవి తనే ఇచ్చి వెళ్లిపోతానంది కార్డులమ్మ. ఆవిడకి ఆ గది తప్ప ఈ లోకంలో కూచోవాలనిపించే చోటు ఇంకొకటి లేదు.

కరపత్రం అసలు పేరేమిటో ఆవిడ అడగలేదు. ముప్ఫై ఐదేళ్లుంటాయి. 'వ్యాపార సాంకేతిక సలహాదారు' అని చీటీ ఇచ్చాడు. ఏమడిగినా సంచిలోంచి రంగుల కాగితం తీసి అందులోది చదువుతాడు. మొదటిరోజే, "ఏమయ్యా, ఆ కాగితం పారేస్తే నీలో ఇంకేమన్నా మిగులుతుందా?" అని అడిగింది. ఆ రోజునుంచి గోడౌన్ మొత్తానికీ అతను కరపత్రమే.

ఆవిడకి కార్డులమ్మ అని పేరు రావడానికీ కారణముంది. ఆవిడ పని నేర్చుకున్న కాలంలో ప్రోగ్రాం రాయడమంటే అట్టముక్కలకి చిల్లులు పొడవడం. ఒక్క వరుసకి ఒక్క కార్డు. ఎనిమిది వందల కార్డుల కట్ట చేజారిందంటే ఏరి వరస పెట్టేసరికి ఒక పూట గడిచేది. కట్ట ఇచ్చి వస్తే మర్నాడు 'మూడో కార్డులో చుక్క మరిచారు' అని కాగితం వచ్చేది. చుక్కకో రోజు. అందుకే మా తరం ఆలోచించి రాసేది అంటుందావిడ. ఆలోచించకుండా రాసినవాళ్ల కార్డులు ఏనాడో ఎలకలు కొట్టేశాయి గనక ఆ మాటకి ఎదురుసాక్ష్యం లేదు.

ఆవిడకి పని నేర్పిన పెద్దాయన అంతకు ముందు తరంవాడు. ఒక కన్నంలోంచి తీగ పీకి ఇంకో కన్నంలో గుచ్చి యంత్రం చేత లెక్కలు చేయించినవాడు. ఆయనకి కార్డులవాళ్లంటే చులకన. కార్డులమ్మకి తెర ముందు కూచుని టైపు కొట్టేవాళ్లంటే చులకన, తనూ ఆ తెర ముందుకి చేరేదాకా. తరవాత చేతిలో మౌసు పట్టుకుని బొమ్మలు నొక్కేవాళ్లంటే చులకన. ఇప్పుడు కావలసిందేమిటో నోటితో చెబితే యంత్రమే ప్రోగ్రాం రాసిచ్చే రోజులొచ్చాయి. వాళ్లంటే చులకన కూడా లేదు, వాళ్లని మనుషుల్లోనే జమకట్టదు. ఈ వృత్తిలో విద్య పదిసార్లు మారింది గాని, వెనకొచ్చినవాణ్ని చూసి మూతి తిప్పడం మాత్రం మొదటినుంచీ ఒకే తీరుగా సాగుతోంది.

సోమవారం పది కొట్టేసరికి పొడుగాటి బల్ల చుట్టూ అందరూ చేరారు. కరపత్రం మూడు స్కానర్లు పరిచాడు. మూడూ తుపాకుల ఆకారంలో ఉన్నాయి. ఒకటి తెల్లగా నాజూగ్గా ఉంది, తీగ లేదు. రెండోది నల్లగా మెరుస్తోంది. మూడోది రబ్బరు తొడుగుతో, లావుపాటి తీగతో, గేదె కొమ్ములా మొరటుగా ఉంది. దాన్ని బల్ల చివర సగం కాగితాల కింద పెట్టాడు.

"మేడమ్, ఇది మా బెస్ట్ మోడల్. దీని డిజైన్‌కి..." అంటూ తెల్లదాన్ని ఎత్తాడు.

"ఇటివ్వు" అంది కార్డులమ్మ. ఇచ్చాడు. ఆవిడ దాన్ని చేయి చాపినంత ఎత్తుకి ఎత్తి వదిలేసింది.

సిమెంటు నేల మీద అది రెండు ముక్కలయింది. మరిది నోరు తెరిచాడు. కరపత్రం వంగి ముక్కలు ఏరుకున్నాడు.

"ఇదేమిటి వదినా!"

"ఇక్కడ రోజుకి పదిసార్లు చేతుల్లోంచి జారిపడుద్ది. కొనేముందు ఒక్కసారి పడేసి చూడద్దా? పెళ్లికూతురినా, కాలు కందకుండా నడిపించడానికి?" అంది. తరవాత నల్లదాన్ని తీసుకుని, సన్నటి ప్లాస్టిక్ చుట్టిన డబ్బా ముందు పెట్టి నొక్కింది. పైన దీపం వెలుతురు ప్లాస్టిక్ మీద తళతళలాడింది. స్కానరు పలకలేదు. మళ్లీ నొక్కింది. పలకలేదు.

"ప్లాస్టిక్ తీసి చూపిస్తే చదువుతుంది మేడమ్."

"రోజుకి రెండువేల డబ్బాలు పంపుతాం. రెండువేలకీ బట్టలిప్పి చూపించాలా దీనికి? పోనీ చలిగదిలోంచి బయటికి తెస్తే అద్దానికి ఆవిరి పట్టుద్ది గదా, అప్పుడు చదువుతుందా? చేతులకి తొడుగులుంటే ఆ బుల్లి మీట నొక్కడానికి వస్తుందా? మా డబ్బాల మీద గీతలే కాదు, చుక్కల చదరాలు కూడా ఉంటాయి. అవి చదువుతుందా?"

కరపత్రం సంచిలోంచి కాగితం తీశాడు. తిరగేశాడు. వెనక్కి తిప్పాడు. ఆ ప్రశ్నలకి జవాబు అందులో అచ్చు వేయలేదు.

గోడౌన్ నడిపే మనిషి కాళ్లకి చెప్పులు కొనేటప్పుడైనా వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాడు. అలాంటిది నలభై మంది చేతుల్లో తిరగాల్సిన పనిముట్టుని మరిది బొమ్మ చూసి ఎంచుకున్నాడు. దాని రంగు గోడ రంగుతో కలుస్తుందని కూడా అన్నాడట. కార్డులమ్మ బల్ల చివర కాగితాలు తోసేసి మూడోదాన్ని బయటికి లాగింది. పడేసింది. ఎగిరి పక్కకి పడింది గాని పగల్లేదు. ప్లాస్టిక్ ముందు పెట్టి నొక్కితే టింగుమంది. చలిగదిలో పావుగంట ఉంచి తెప్పిస్తే ఒకసారి తడబడి, రెండోసారి టింగుమంది.

"ఇదే వాడు. రేపు ఓడిపోయాక తుపాకీ మంచిది కాదనే సాకు ఉండకూడదు" అంది. ఆడలేనివాడు మద్దెల మీదికి తోసే వీలు కూడా మిగల్చకుండా గెలవాలని ఆవిడ పంతం. ఆ మొరటు తుపాకీని తన చేతులతోనే ఎంచింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పందెం మొదలయింది. స్టోర్‌కీపరు ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నవాడు. డబ్బా తీసుకోవడం, నల్లగీతల కింద అంకెలకేసి ఒక చూపు చూడడం, ఐదంకెలు కొట్టడం. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'సరి' అని రావడం. అక్కడ అందరి పద్ధతీ ఇదే. డబ్బా మీద అంకెలు పదమూడు. మొదటి ఏడూ ఏ కంపెనీదో చెబుతాయి, చివరిది ఒక్కటీ మిగతా పన్నెండూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి. సరుకుని చెప్పేవి మధ్యలో ఐదు. కార్డులమ్మ ఆ ఐదే ఉంచి మిగతావి కోసేసింది. ఆ రోజుల్లో యంత్రంలో చోటు అంత కరువు. కార్డులకి చిల్లులు పొడిచిన చేతికి ఒక్కో అంకే ఒక్కో చిల్లు కింద లెక్క. గోడౌన్ వాళ్లు ఆ ఐదంకెలకి తోక నెంబరు అని పేరు పెట్టారు. మందుల పేర్లు ఎవరూ అనరు. "ఇరవై రెండు మూడు పదహారు ఎక్కడ పెట్టావురా?" "అది అయిపోయింది, పద్దెనిమిది సున్నా నలభై తీసుకో." బయటివాళ్లు వింటే లారీల నెంబర్లు అనుకుంటారు.

కార్డులమ్మ నలభైలో మూడు తప్పుడు డబ్బాలు కలిపింది, మోసం పట్టుకుంటాయో లేదో చూడ్డానికి. మూడింటినీ ప్రోగ్రామూ పట్టుకుంది, స్కానరూ పట్టుకుంది. ముప్ఫైఆరు డబ్బాలయ్యేసరికి రెండూ సమానం. కాకపోతే స్కానరు టింగుమనేసరికి స్టోర్‌కీపరు ఇంకా రెండో అంకె దగ్గరే ఉన్నాడు. మరిది గడియారం చూసుకుంటూ లోలోపల మురుస్తున్నాడు.

ముప్ఫైఏడో డబ్బా వచ్చింది. కంటి ఆసుపత్రికి వెళ్లాల్సిన చుక్కల మందు. వాళ్ల సరుకంతా పొద్దున వ్యానులో వెళ్లిపోయింది, చోటు చాలక ఈ ఒక్క డబ్బా మిగిలింది. స్టోర్‌కీపరు కొట్టాడు: నాలుగు ఒకటి ఏడు మూడు ఆరు. తెర 'సరి' అంది.

కరపత్రం తుపాకీ పెట్టాడు. టింగు కాదు, గుర్రుమంది. ల్యాప్‌టాప్ మీద ఎర్రగా 'తప్పు' అని వచ్చింది.

"తప్పా? ఇది నేను కలిపిన డబ్బా కాదే" అంది కార్డులమ్మ, తీరిగ్గా.

కరపత్రం మళ్లీ పెట్టాడు. గుర్రు. డబ్బా తిప్పి పెట్టాడు. గుర్రు. తుపాకీ అద్దాన్ని టై కొసతో తుడిచాడు. గుర్రు.

"ఏదో సెట్టింగ్ ప్రాబ్లం మేడమ్. కొత్త పీస్ కదా. అప్పుడప్పుడూ ఇలా..."

"అప్పుడప్పుడూనా! మందుల్లో అప్పుడప్పుడూనా! వినండయ్యా, వినండి." ఆవిడ గొంతు గోడౌన్ చివరిదాకా వెళ్లింది. "నేను పడేశాను, చలిలో పెట్టించాను, చెక్కుచెదర్లేదు. మంచి యంత్రమే పాపం. దాన్ని పట్టుకున్న మనిషే... కోతి చేతిలో కొబ్బరికాయ."

అందరూ నవ్వారు. కరపత్రం అప్పుడొక పని చేశాడు. ల్యాప్‌టాప్‌లో ఏవో నాలుగు మీటలు నొక్కి, ఆ ఎర్ర అక్షరాలు రాకుండా ఆపేశాడు. మళ్లీ తుపాకీ పెడితే టింగుమంది. "చూశారా, సెట్ అయింది" అన్నాడు వెర్రినవ్వు నవ్వుతూ. తన యంత్రం చెప్పిన మాట తనే నమ్మని మనిషి ఊరందరికీ దాన్ని నమ్మమని అమ్ముకుంటున్నాడు. ఇలాంటివాణ్ని సలహాదారు అంటున్న కాలం ఇది.

"తప్పు ఒకటి. అది నీ లెక్కలో" అంది కార్డులమ్మ, అతను నొక్కిన మీటలన్నీ చూసి పకపకా నవ్వుతూ.

మిగిలిన మూడు డబ్బాలూ రెండు వైపులా సరిగానే వచ్చాయి. పందెం ముగిసింది. మరిది ఏ ఎండకి ఆ గొడుగు పట్టే రకం. వెంటనే మొహం మార్చేసి, "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా వదినా. పాత బంగారం పాత బంగారమే. ఆ గది మీదే, మీ ఇష్టమొచ్చినన్నాళ్లు" అన్నాడు. కరపత్రం తీగ చుట్టుకుంటున్నాడు. కార్డులమ్మ ముప్ఫైఏడో డబ్బా చంకన పెట్టుకుని అద్దాల గదిలోకి నడిచింది. ఎవడైనా మళ్లీ స్కానర్ల మాటెత్తితే చూపించడానికి దాన్ని బల్ల మీద ఉంచుదామని ఆవిడ ఆలోచన.

డబ్బాని తెర పక్కన నిలబెట్టింది. తెల్లటి అట్ట, మధ్యలో నీలం చార. బాగానే ఉంది. కొంచెం పక్కకి తిప్పింది. కళ్లజోడు పెట్టుకుంది. ముప్ఫై రెండేళ్లలో ఆవిడ ఒక డబ్బా మీద మందు పేరు చదవడం అదే మొదటిసారి కావచ్చు.

చెవిలో వేసే చుక్కలు. గులిమి కరిగించుటకు. కంటికి తగలనీయరాదు.

రెండోసారి చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది. డబ్బా మీద అక్షరాలు మారలేదు.

నల్లగీతల కింద అంకెలు చూసింది. తోక నెంబరు నాలుగు ఒకటి ఏడు మూడు ఆరే. కంటి చుక్కలదీ అదే. తెర మీద కంటి చుక్కల కంపెనీ పేరు తీసి చూసింది. అది వేరు. డబ్బా మీద కంపెనీ వేరు. రెండు కంపెనీలు తమ తమ సరుకుకి ఒకే ఐదంకెలు పెట్టుకున్నాయి. పెట్టుకోకూడదని ఎవరూ వాళ్లకి చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ముందరి ఏడంకెలూ ఉన్నది అందుకే. పదమూడూ చదివే స్కానరు గుర్రుమన్నదీ అందుకే. ఆ ఏడింటినీ కోసింది ఈవిడ.

"పద్నాలుగో రాకులో కొత్త సరుకేమన్నా పెట్టావా?" అని స్టోర్‌కీపరుని పిలిచి అడిగింది. గొంతులో ఇందాకటి గాలి లేదు.

"పోయిన బుధవారం ఓ కొత్త కంపెనీవాళ్ల డబ్బాలొచ్చాయమ్మా. తోక కొడితే పద్నాలుగో రాకు అని చూపించింది. పెట్టేశాం."

"ఉన్న డబ్బాలతో కలిపేనా?"

"ఒకటే తోక గదమ్మా" అన్నాడతను, అందులో అడగడానికేముందన్నట్టు.

అయినా ఇలా జరగకూడదు. అంత తెలివితక్కువగా రాయలేదు ఆవిడ. తోక నెంబరు కలిసి, సరుకు దింపుకునేటప్పుడు బిల్లు చూసి కొట్టే కంపెనీ పేరు కలవకపోతే గంట మోగాలి. మోగి, 'కొత్త సరుకా?' అని అడగాలి. ఆ వరుసలు రాసిన పూట కూడా గుర్తుంది. మరి బుధవారం గంట ఎందుకు మోగలేదు?

బీరువా తెరిచింది. ఆకుపచ్చ చారల కాగితాల కట్ట, అంచులకి చిల్లులతో, జానెడు మందం. ప్రోగ్రాం మొత్తం అందులో అచ్చయి ఉంది. నాలుగొందల పన్నెండో పుట. గంట మోగించే వరుస అక్కడే ఉంది. దాని ముందు ఒక నక్షత్రం గుర్తు.

ఆవిడ భాషలో వరుస ముందు నక్షత్రం పెడితే యంత్రం ఆ వరుసని చూడకుండా దాటేస్తుంది. సంవత్సరానికి రెండంకెలే చాలని అందరూ కోసుకున్నాక, శతాబ్దం మారుతుంటే ప్రపంచమంతా గోలెత్తి నాలుగంకెలకి మార్చుకున్న రోజులున్నాయి కదా. అప్పుడు ఆవిడా మార్చింది. మార్చి పరీక్ష చేస్తుంటే ఆ గంట మాటిమాటికీ మోగి చిరాకు పెట్టింది. ఆపేసింది. నక్షత్రం పక్కనే ఆవిడ రాత: 'తాత్కాలికం. పని కాగానే తీసేయాలి.'

పని అయింది. నక్షత్రం తీయలేదు. ఇన్నేళ్లూ ఏ రెండు కంపెనీల తోకలూ కలవకపోవడం ఆవిడ ప్రతిభ కాదు, అదృష్టం. ఇందాక కరపత్రం ఎర్ర అక్షరాలు ఆపేస్తే ఆవిడ ఎంత నవ్వింది! గురివింద గింజకి తన కింద నలుపు కనిపించదంటారు. ఈవిడది ఇరవై ఏళ్ల పైచిలుకు నలుపు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. కరపత్రం చేసింది వెధవపని, అది అరనిమిషం నాటిది. అదే వెధవపని తను చేసి, దాని మీద కూచుని అందరికీ పాఠాలు చెప్పింది.

ఇంతలో ఇంకో ఆలోచన తగిలి, ఒక్కసారిగా లేచి నిలబడింది.

"పొద్దున కంటి ఆసుపత్రికి ఎన్ని వెళ్లాయి?"

"ఇరవై మూడమ్మా. ఇవాళ పన్నెండింటినుంచి ఆపరేషన్లట. ముందే కళ్లలో వేసి ఉంచాలని తొందరపెట్టారు. పద్నాలుగో రాకులోవే తీశాం."

"అందులో ఏవి ఎన్ని?"

స్టోర్‌కీపరుకి ప్రశ్న అర్థం కాలేదు. ఆవిడ డబ్బా తిప్పి అతని మొహం ముందు పెట్టింది. చదివాడు.

మరిదీ కరపత్రమూ గుమ్మంలోకి వచ్చారు. కార్డులమ్మ దాచలేదు. తోక నెంబరు, గంట, నక్షత్రం అన్నీ చెప్పింది. "ఇతని స్కానరు చెప్పిందే నిజం. తప్పు నా ప్రోగ్రాంది. నాది" అంది. ఆ చివరి మాట అనేటప్పుడు అద్దానికేసి చూసింది, మనుషులకేసి చూడలేకపోయింది.

మరిది ముందు తలుపు మూశాడు.

"వదినా, నెమ్మది. ఈ మాట ఈ గది దాటకూడదు. మెషీన్ తప్పు చదివిందని నలభై మంది కళ్లారా చూశారు. ఇప్పుడు మనంతట మనమే... ఎలాగూ అక్కడ నర్సులుంటారు, వేసేముందు చదువుకుంటారు. సాయంత్రం ఏదో వంక పెట్టి డబ్బాలు మార్చేద్దాం. మీ గదీ మీకుంటుంది, నా పేరూ నిలుస్తుంది."

కార్డులమ్మ అతన్ని పైనుంచి కిందకి చూసింది. ఇన్నాళ్లూ కరపత్రానికి మించిన దద్దమ్మ లేడనుకుంది. కరపత్రానికి తెలియదు, అంతే. ఇతను తెలిసి కూడా ఇలా అంటున్నాడు.

"మీ అన్న ఉండుంటే నీ చెంప పగిలేది. నర్సులు చదువుకుంటారా? నేను చదివానా? ఇరవై ఆరేళ్లుగా ఇతను చదివాడా? చార నీలంగా ఉందా, మూత తెల్లగా ఉందా అని చూస్తారు, మననుంచి వచ్చిందని నమ్ముతారు, కళ్లలో పోస్తారు. నా గది కోసం ఎవడి కళ్లో కాల్చమంటావా? తాళంచెవి ఇదుగో." కొంగుముడి విప్పి, తాళంచెవిని బల్ల మీద గిరాటేసింది. "నువ్వు డ్రైవరుకి ఫోన్ చెయ్" అంది స్టోర్‌కీపరుతో.

అతను చేశాడు. ఫోను మోగింది. మోగడం బాగా దగ్గర్లో వినిపించింది. కిటికీ గట్టు మీద, ఛార్జింగు తీగకి వేలాడుతూ డ్రైవరు ఫోను మోగుతోంది.

కరపత్రం అప్పటికే తన ఫోన్లో ఆసుపత్రి నెంబరు వెతికి పట్టుకున్నాడు. అవతల ఒక మర పలికింది. కొత్త రోగులు ఒకటి నొక్కండి, పాత రోగులు రెండు నొక్కండి. ఒకటి నొక్కాడు, రెండు నొక్కాడు, తొమ్మిది నొక్కాడు. మీ కాల్ మాకు ముఖ్యం అంటూ వాయిద్యం మొదలయింది.

"ఎవడు రాసిన ప్రోగ్రామో అది, వాడి పిండాకూడు" అంది కార్డులమ్మ అలవాటుగా. అన్నాక నాలుక కరుచుకుంది. "నీకు కారుందా?"

"ఉందమ్మా" అన్నాడతను. మేడమ్ అనడం మరిచిపోయాడు.

"తియ్యి. ఆ మొరటు తుపాకీ, నీ ల్యాప్‌టాపూ పట్టుకురా. డ్రైవరు ఫోను కూడా తే. ఇరవై మూడు డబ్బాలూ అక్కడే ఒక్కొక్కటీ చదివిద్దాం. ఆ ఎర్ర అక్షరాలు మళ్లీ వచ్చేలా చెయ్యి ముందు."

కారు గేటు దగ్గర ఆగింది. పదకొండు కావడానికి పది నిమిషాలుంది. వ్యాను తొమ్మిదిన్నరకి బయల్దేరింది. దారిలో ఐదు ఆసుపత్రులున్నాయి, కంటి ఆసుపత్రి ఆఖరిది, పన్నెండుకి గాని చేరదు. అందుకుంటారు. ఆ లెక్క ఆవిడ మనసులో ఇప్పటికి నాలుగుసార్లు చేసింది.

"వ్యాను ఏ దారిన వెళ్లిందయ్యా?" అని తల బయటపెట్టి వాచ్‌మన్‌ని అడిగింది.

"రోజూ వెళ్లే దారి కాదమ్మా. కంటి ఆసుపత్రివాళ్లు తొందరపెడుతున్నారు, ముందు అక్కడే దింపేసి తిరిగొస్తూ మిగతావి చూసుకుంటానన్నాడు. పదిన్నరకే చేరిపోయుంటాడు."

కరపత్రం ఆవిడకేసి చూశాడు. ఏం చెయ్యమంటారని అడగలేదు, కారు ముందుకి దూకించాడు. మొదటి మలుపు తిరుగుతుండగా ఆవిడ ఒళ్లో ఉన్న డ్రైవరు ఫోను మోగింది. తెర మీద పేరు పడింది: కంటి ఆసుపత్రి, స్టోరు.

నొక్కి చెవికి ఆనించుకుంది.

"డ్రైవరు గారేనా? మీరెళ్లి పావుగంట కాలేదు, అందుకే చేస్తున్నా" అంది అవతలి ఆడమనిషి. వెనక ఎవరో పెద్దగా అరుస్తున్నారు. "మీరిచ్చిన చుక్కలు మొదటి పేషెంటుకి ఇప్పుడే వేశామండీ..."

(మిగతా వచ్చే వారం)